నెట్‌వర్క్‌లో వీడియో ట్రాఫిక్ నిర్వహణకు మెషీన్ లెర్నింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు క్యూఓఎస్ (ట్రాఫిక్‌కు ప్రాధాన్యాలు పెట్టే) నియమాలు ఉన్నాయి కదా, వీడియో కోసం మెషీన్ లెర్నింగ్ ఎందుకు?

చాలాచోట్ల అక్కర్లేదు. లింక్ ఎప్పుడూ సగం కూడా నిండకపోతే ఏ మోడల్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. లింక్ నిండుతున్నా, ఇరుకు ఒకే రౌటర్ దగ్గర ఉంటే ముందు అక్కడ ఎఫ్‌క్యూ-కోడెల్ అనే క్యూ నిర్వహణ పద్ధతిని ఆన్ చేసి ఒక వారం చూడండి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 8290గా వచ్చిన ఈ పద్ధతి ఫ్లోలను (ఒక్కో కనెక్షన్ ప్యాకెట్ల ధారలను) వేరు చేసి, క్యూలో ఆలస్యాన్ని 5 మిల్లీసెకన్ల దగ్గర పట్టి ఉంచే ప్రయత్నం చేస్తుంది. ఫిర్యాదుల్లో పెద్ద భాగం దానితోనే పోతుంది.

అది చేశాక కూడా మిగిలే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఈ సెల్‌లో (ఒక మొబైల్ టవర్ పరిధిలో) ఎంతమందికి వీడియో ఆగుతోంది? వచ్చే పది సెకన్లలో ఎవరికి ఆగబోతోంది? లింక్ కెపాసిటీ పెంచాలా, లేక షేపింగ్ (వేగానికి హద్దు పెట్టే) సెట్టింగ్ తప్పా? అన్నీ 443 పోర్టు మీద ఎన్‌క్రిప్ట్ అయి వస్తున్నప్పుడు వీటికి జవాబు రౌటర్ కౌంటర్లలో దొరకదు. మెషీన్ లెర్నింగ్ పనికొచ్చేది అక్కడ.

ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌లో వీడియో నాణ్యత ఎలా తెలుస్తుంది?

లోపల ఏముందో కనబడకపోయినా, ఎప్పుడు ఎంత వచ్చిందో కనబడుతుంది. స్ట్రీమింగ్ వీడియో ధార కట్టినట్టు రాదు, ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క సాధారణంగా 2 నుంచి 10 సెకన్ల వీడియో. ప్లేయర్ ఒక ముక్క అడుగుతుంది, అది వచ్చేస్తుంది, బఫర్ నిండి ఉంటే కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ అడుగుతుంది.

ముక్క నిడివి 4 సెకన్లు, వీడియో 5 ఎంబీపీఎస్ అనుకుందాం. ప్యాకెట్ క్యాప్చర్‌లో, అంటే దారిలో వెళ్లే ప్యాకెట్ల రికార్డులో, కనబడేది ఇలా ఉంటుంది: పైకి దాదాపు 480 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్తుంది, అదే రిక్వెస్ట్. వెంటనే కిందికి 2.5 ఎంబీ వస్తుంది. 1.2 సెకన్లలో వచ్చిందంటే ఆ ముక్కకు అందిన వేగం 16 ఎంబీపీఎస్ పైమాటే. తర్వాత 2.8 సెకన్ల నిశ్శబ్దం. నాలుగో సెకను దగ్గర మళ్లీ రిక్వెస్ట్. మధ్యలో 64 కేబీ ముక్క కూడా కనిపిస్తే కంగారు పడకండి, అది 128 కేబీపీఎస్ ఆడియో.

ఇప్పుడు లింక్ ఇరుకైందనుకోండి. నిశ్శబ్దం ముందు కుంచించుకుపోతుంది, తర్వాత మాయమవుతుంది. ముక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 4 సెకన్ల వీడియో దిగడానికి 5 సెకన్లు పడితే బఫర్‌లోంచి ముక్కకు ఒక సెకను చొప్పున తరిగిపోతుంది. 20 సెకన్ల నిల్వ 20 ముక్కల్లో, అంటే 100 సెకన్లలో ఖాళీ. ఈలోగా ప్లేయర్ మేలుకుని కింది నాణ్యతకు దిగితే ముక్క సైజు 2.5 ఎంబీ నుంచి 500 కేబీకి పడిపోవడం కూడా మీకు కనిపిస్తుంది. మోడల్ నేర్చుకునేదంతా ఈ లయనే.

సర్వర్ పేరు, అంటే ఎస్‌ఎన్‌ఐ, చూస్తే సరిపోదా?

ఇది ఏ సర్వీసు అన్న ప్రశ్నకు ఇప్పటికి చాలావరకు సరిపోతుంది. కనబడుతున్నంత కాలం వాడుకోండి, దానికోసం న్యూరల్ నెట్‌వర్క్ కట్టడం దండగ. కానీ కనెక్షన్ మొదటి సందేశంలోని పేరును కూడా దాచే ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో వ్యాపిస్తున్న కొద్దీ ఆ పేరు కనుమరుగవుతుంది. పైగా ఒకే పేరు వెనక వీడియో, బొమ్మలు, యాప్ అప్‌డేట్లు అన్నీ ఉండవచ్చు. వీడియో ఎలా ఆడుతోందో ఎస్‌ఎన్‌ఐ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పదు.

ఏయే ఫీచర్లు తీసుకోవాలి?

ముక్కల స్థాయి ఫీచర్లు (మోడల్‌కు ఇచ్చే కొలతలు) ముందు, ప్యాకెట్ స్థాయివి తర్వాత. 10 సెకన్ల విండోకు (ఒక్కో 10 సెకన్ల కాలఖండానికి) ఇవి తీస్తే చాలు: దిగిన ముక్కల సంఖ్య, వాటి సైజుల మధ్యస్థం, కనిష్ఠం, గరిష్ఠం, రిక్వెస్టుల మధ్య వ్యవధి, విండోలో నిశ్శబ్దం ఎంత శాతం, ముక్క దిగుతున్నప్పటి వేగం, ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం). టీసీపీ అయితే రీట్రాన్స్‌మిషన్లు (పోయినందువల్ల మళ్లీ పంపిన ప్యాకెట్లు) కూడా లెక్కించవచ్చు. టీసీపీకి బదులుగా వాడే, 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రమాణమైన క్విక్‌లో అది కుదరదు, ఎందుకంటే ప్యాకెట్ నంబర్లు కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. రెండింటికీ ఒకే మోడల్ పెట్టేవారు ఈ ఫీచర్‌ను క్విక్ వరుసల్లో సున్నాగా నింపేస్తారు. మోడల్ దాన్ని "నష్టమే లేదు" అని చదువుకుంటుంది. ఖాళీని ఖాళీగానే ఉంచండి, లేదా రెండు మోడళ్లు కట్టండి.

గత విండోల విలువలను కూడా కలపాలి. ఈ పది సెకన్లలో నిశ్శబ్దం లేకపోవడం వీడియో ఇప్పుడే మొదలైనందువల్ల కావచ్చు, బఫర్ ఎండిపోతున్నందువల్లా కావచ్చు. మొదట్లో ప్లేయర్ బఫర్ నింపుకోవడానికి ఆగకుండా లాగుతుంది మరి. సెషన్ మొదలై ఎన్ని సెకన్లయింది అన్న ఒక్క ఫీచర్ ఈ రెండింటినీ విడదీస్తుంది.

ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్లు, తేదీలు మాత్రం ఫీచర్లుగా పెట్టకండి. మోడల్ వాటిని బట్టీ పడుతుంది.

రౌటర్లు ఇచ్చే నెట్‌ఫ్లో (ఫ్లోల సారాంశ) రికార్డులతో ఈ పని అవుతుందా అని తరచూ అడుగుతారు. వెయ్యికి ఒక ప్యాకెట్ శాంపిల్ చేసే నెట్‌ఫ్లోతో కాదు. ముక్కల సరిహద్దులు అందులో చెరిగిపోతాయి.

లేబుల్స్ ఎక్కడి నుంచి తేవాలి?

లేబుల్స్ అంటే శిక్షణకు కావాల్సిన సరైన జవాబులు: ఏ విండోలో వీడియో ఆగింది, ఏ నాణ్యతలో ఆడింది. అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. మోడల్ ఎంపికకు ఒక రోజు పడితే లేబుల్స్‌కు రెండు నెలలు పడుతుంది, పట్టాలి కూడా.

ప్లేయర్ మీదే అయితే అదృష్టవంతులు. బిట్‌రేట్, ఆగిన సమయం, మొదలవడానికి పట్టిన సమయం నేరుగా లాగ్ చేయండి. లేకపోతే బ్రౌజర్‌ను స్క్రిప్ట్‌తో నడపాలి. వీడియో ఎలిమెంట్ నుంచి సెకనుకోసారి మూడు విలువలు రాసుకోవాలి: ప్రస్తుతం ఆడుతున్న స్థానం, బఫర్ ఎక్కడిదాకా ఉంది, చిత్రం ఎత్తు ఎన్ని పిక్సెళ్లు. ఆడుతున్న స్థానం కదలకపోతే, వాడుకరి ఆపకపోతే, వీడియో ఆగినట్టు. పక్కనే ప్యాకెట్ క్యాప్చర్ నడవాలి. రెండింటి గడియారాలూ ఎన్‌టీపీతో కలిసి ఉండాలి. ఒక సెకను తేడా వచ్చినా 10 సెకన్ల విండోలో లేబుల్ పక్క విండోకు జారిపోవచ్చు.

చెడ్డ నెట్‌వర్క్‌ను కావాలని సృష్టించడానికి లినక్స్‌లో నెటెమ్ వాడతారు. ఇందులో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, అది బయటికి వెళ్లే ట్రాఫిక్ మీదే పనిచేస్తుంది. కిందికి దిగే వీడియోను నెమ్మదింపజేయాలంటే ఐఎఫ్‌బీ అనే వర్చువల్ ఇంటర్‌ఫేస్ మీదుగా మళ్లించాలి, లేదా మధ్యలో వేరే యంత్రం పెట్టాలి. రెండోది, దాని క్యూ పరిమితి మామూలుగా 1000 ప్యాకెట్లు. 100 ఎంబీపీఎస్ లింక్‌లో 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే దారిలో 1,600కు పైగా ప్యాకెట్లు ఉండాలి. పరిమితి పెంచకపోతే మిగతావి రాలిపోతాయి. ఆలస్యం ప్రభావాన్ని కొలుస్తున్నామనుకుంటూ నష్టం ప్రభావాన్ని కొలుస్తారు.

నాణ్యతను ఒకే అంకెగా చెప్పాలంటే ఐటీయూ-టీ పీ.1203 ప్రమాణం ఉంది. బిట్‌రేట్, రిజల్యూషన్, ఫ్రేమ్‌రేట్, ఆగిన సమయాల వంటి పైపై వివరాలే తెలిసినా దాని మోడ్ 0తో 1 నుంచి 5 మధ్య స్కోరు వస్తుంది. నివేదికలకు బాగుంటుంది గానీ, శిక్షణకు ఆగిన సెకన్లను, రిజల్యూషన్‌ను విడివిడిగా వాడటమే మేలు. స్కోరు పడిపోయిందని మోడల్ చెబితే ఎందుకు పడిందో మీకు తెలియదు, ఏం చేయాలో అంతకన్నా తెలియదు.

ఏ మోడల్ వాడాలి?

గ్రేడియంట్ బూస్టింగ్ లేదా ర్యాండమ్ ఫారెస్ట్. రెండూ చాలా నిర్ణయ వృక్షాలను కలిపి జవాబు చెప్పేవే. ముక్కల ఫీచర్లు సరిగ్గా తీస్తే ఇవే సరిపోతాయి, సీపీయూ మీద నడుస్తాయి, ఏ ఫీచర్ వల్ల ఆ నిర్ణయం వచ్చిందో చూడవచ్చు. ప్యాకెట్ల వరుసనే నేరుగా తినిపించే డీప్ మోడళ్లు అప్పుడప్పుడు రెండు మూడు శాతం ఎక్కువ తెస్తాయి. అంతకు అంత గందరగోళం కూడా తెస్తాయి.

వాటికన్నా ముందు ఒక బండ నియమం రాసి పెట్టుకోండి: వరుసగా మూడు ముక్కలకు, దిగిన సమయం ముక్క నిడివి కన్నా ఎక్కువైతే హెచ్చరిక. మీ మోడల్ దీన్ని స్పష్టంగా దాటలేకపోతే మోడల్ అనవసరం.

ల్యాబ్‌లో 98 శాతం కచ్చితత్వం వచ్చింది. అసలు నెట్‌వర్క్‌లో పెడితే ఎందుకు పడిపోయింది?

బహుశా ల్యాబ్‌లోనూ 98 లేదు. ఒక్కో కారణాన్ని విడిగా చూడాలి.

విండోలను కలగాపులగం చేసి 80-20గా విడగొట్టి ఉంటారు. అప్పుడు ఒకే సెషన్‌లోని విండోలు శిక్షణలోనూ, పరీక్షలోనూ పడతాయి. మోడల్ సెషన్‌ను గుర్తుపడుతుంది, సమస్యను కాదు. సెషన్ మొత్తాన్ని ఒకే వైపు ఉంచండి. ఇంకా మంచిది, పాత వారాలతో నేర్పి కొత్త వారంతో పరీక్షించడం.

ఇంకో కారణం అంత తేలిగ్గా పట్టుబడదు. శిక్షణ క్యాప్చర్ వాడుకరి కంప్యూటర్ మీదే తీసి ఉంటే, అక్కడి నెట్‌వర్క్ కార్డు, కెర్నెల్ కలిసి చిన్న ప్యాకెట్లను పెద్దవిగా అతికిస్తాయి. 1,500 బైట్లు దాటకూడని ప్యాకెట్ క్యాప్చర్‌లో 20,000 బైట్లుగా కనబడుతుంది. నెట్‌వర్క్ మధ్యలో ట్యాప్ పెట్టి చూస్తే అలాంటి ప్యాకెట్లే ఉండవు. ఫీచర్ పేరు అదే, అర్థం వేరు. క్యాప్చర్‌కు ముందు ఎత్‌టూల్ కమాండ్‌తో, ప్యాకెట్ సైజులను ఇలా మార్చే జీఆర్‌ఓ, టీఎస్‌ఓ సెట్టింగ్‌లను ఆఫ్ చేయండి. ముందే తీసేసిన క్యాప్చర్ అయితే గరిష్ఠ ప్యాకెట్ సైజు చూడండి, సంగతి వెంటనే తెలిసిపోతుంది.

మిగిలింది లెక్కలోని మోసం. లక్ష సెషన్లలో 2 శాతం, అంటే 2,000 మందికి వీడియో ఆగుతోందనుకుందాం. మోడల్ వాటిలో 90 శాతం పట్టుకుంటుంది, బాగున్న సెషన్లలో 5 శాతాన్ని పొరపాటుగా పట్టుకుంటుంది. నిజమైనవి 1,800, తప్పుడువి 4,900. అంటే వందసార్లు హెచ్చరిస్తే 27 సార్లే నిజం. మొత్తం కచ్చితత్వం మాత్రం 95 శాతం దగ్గర చక్కగా కనబడుతుంది. "అంతా బాగుంది" అని ఎప్పుడూ ఒకే మాట చెప్పే మోడల్‌కు 98 వస్తుంది. అందుకే కచ్చితత్వం అడగకండి. హెచ్చరికల్లో నిజమెంత, నిజమైనవాటిలో పట్టుకున్నదెంత, ఈ రెండూ అడగండి.

మోడల్‌ను ఎక్కడ నడపాలి?

ప్యాకెట్‌కు ఒకసారి మాత్రం కాదు. 100 జీబీపీఎస్ లింక్‌లో అన్నీ 1,500 బైట్ల ప్యాకెట్లే అయినా సెకనుకు దాదాపు 81 లక్షలు వస్తాయి, ఒక్కోదానికి 123 నానోసెకన్లు మిగులుతాయి. ఆ సమయంలో చేయగలిగింది కౌంటర్ పెంచడమే. కాబట్టి కౌంటింగ్ ప్యాకెట్లను వేగంగా చూసే ఈబీపీఎఫ్, డీపీడీకే వంటి సాధనాల్లోనో, స్విచ్‌లోనో జరగాలి. ఫ్లోకు 5 లేదా 10 సెకన్లకోసారి ఫీచర్ల వరుస బయటికి రావాలి. మోడల్ పక్కన మామూలు సర్వర్ మీద ఆ వరుసలను గుత్తగా చదవాలి.

ఫ్లో టేబుల్ (ఫ్లోల లెక్కలు ఉంచే పట్టిక) సైజు ముందే లెక్క వేసుకోండి. మొదటి 200 కేబీ దాటని ఫ్లోలను పక్కన పెట్టేస్తే టేబుల్ చాలా తేలికవుతుంది, వీడియో ఏదీ పోదు.

వీడియో ఆగబోతోందని మోడల్ చెప్పింది. ఇప్పుడేం చేయాలి?

ఈ ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది. చేయడానికి ఏమీ లేనప్పుడు అంచనా ఎంత గొప్పదైనా డాష్‌బోర్డు మీద ఎర్రచుక్క మాత్రమే. చేయగలిగేవి నిజానికి కొన్నే: క్యూ వెయిట్లు మార్చడం, అదే లింక్‌లోని బ్యాకప్‌లు, అప్‌డేట్లను వెనక్కి నెట్టడం, ఫ్లోను ఇంకో దారికి మళ్లించడం, సెల్ మీద భారం పంచడం, షేపింగ్ రేటు సవరించడం.

వీటిలో అన్నిటికన్నా సురక్షితమైనది అప్‌డేట్లను వెనక్కి నెట్టడం. వాటికి డీఎస్‌సీపీ (ప్యాకెట్ హెడర్‌లోని ప్రాధాన్య గుర్తు) విలువ 1 వేయండి, ఆర్‌ఎఫ్‌సీ 8622 దాన్ని తక్కువ ప్రాధాన్య ట్రాఫిక్ కోసమే కేటాయించింది. మోడల్ తప్పు చెప్పినా నష్టం ఒక డౌన్‌లోడ్ కాస్త ఆలస్యం కావడమే.

షేపింగ్ దగ్గరే ఎక్కువమంది చేయి కాల్చుకుంటారు. నాణ్యత మెట్లు 1,200, 1,850, 2,850, 4,300 కేబీపీఎస్ అనుకోండి. 2,850 మెట్టు దగ్గర నిలబెడదామని 3 ఎంబీపీఎస్‌కు షేప్ చేస్తే ప్లేయర్ అక్కడ నిలబడదు. అది కొంత వెసులుబాటు ఉంచుకునే మెట్టు ఎంచుకుంటుంది కాబట్టి 1,850కి దిగుతుంది, లేదా రెండింటి మధ్య ఊగుతుంది. మెట్టుకు 1.3 రెట్లు, అంటే 3.7 ఎంబీపీఎస్ ఇవ్వండి. షేపర్ క్యూ 200 మిల్లీసెకన్లు చాలు, 3.7 ఎంబీపీఎస్ దగ్గర అది దాదాపు 92 కేబీ. హద్దు దాటిన ప్యాకెట్లను అక్కడికక్కడే పారేసే పోలీసింగ్‌ను వీడియోకు అసలు వాడకండి. పారేసిన ప్రతిదీ మళ్లీ వస్తుంది, లింక్ రెండుసార్లు మోస్తుంది.

ఇంకో విచిత్రం: ముక్కల మధ్య నిశ్శబ్దం కాస్త పొడవైతే లినక్స్ సర్వర్లలో టీసీపీ తన విండోను, అంటే జవాబు కోసం ఆగకుండా పంపగల ప్యాకెట్ల సంఖ్యను, మొదటి స్థాయికి, మామూలుగా 10 ప్యాకెట్లకు, దించేస్తుంది. తర్వాతి ముక్క మళ్లీ మెల్లగా మొదలవుతుంది. చిన్న ముక్కలకు వేగం తక్కువగా కనబడుతుంది, ప్లేయర్ భయపడి ఇంకా చిన్న ముక్క అడుగుతుంది. దీన్ని చూసి మోడల్ "నెట్‌వర్క్ ఇరుకైంది" అంటుంది. ఇరుకు లేదు. సర్వర్ మీదైతే, నిశ్శబ్దం తర్వాత స్లో స్టార్ట్ చేసే సెట్టింగ్‌ను ఆపి, పేసింగ్ (ప్యాకెట్లను ఒక్కసారిగా కాక ఎడం ఇస్తూ పంపడం) పెట్టి చూడండి.

ఏ చర్యకైనా తాళం ఉండాలి: వరుసగా మూడు విండోల్లో హెచ్చరిక వస్తేనే కదలాలి, కదిలాక కనీసం 60 సెకన్లు తిరిగి మార్చకూడదు. లేకపోతే మోడల్, ప్లేయర్ ఒకదాన్ని చూసి ఒకటి ఊగుతాయి.

నెట్‌వర్క్‌ను వదిలేసి, నాణ్యత ఎంచుకునే పనినే ప్లేయర్‌లో మోడల్‌కు అప్పగిస్తే?

చేశారు. 2017లో ఎంఐటీ నుంచి వచ్చిన పెన్సీవ్ అనే పద్ధతి ఈ పనికి, మార్కులు వేస్తూ నేర్పే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ వాడింది. గత 8 ముక్కల వేగాలు, దిగడానికి పట్టిన సమయాలు, తర్వాతి ముక్క ఒక్కో మెట్టులో ఎంత సైజు, బఫర్ ఎంత, ఇంకా ఎన్ని ముక్కలు మిగిలాయి అన్నవి చూసి మెట్టు ఎంచుకుంటుంది. బిట్‌రేట్‌కు మార్కులు, ఆగిన సెకన్లకు, నాణ్యత ఊగినందుకు కోత. సిమ్యులేటర్‌లో ఫలితాలు చాలా బాగా వచ్చాయి.

తర్వాత స్టాన్‌ఫర్డ్ వాళ్లు పఫర్ పేరుతో నిజమైన ప్రేక్షకులకు టీవీ చానళ్లు ప్రసారం చేస్తూ, సెషన్లను యాదృచ్ఛికంగా వేర్వేరు పద్ధతులకు పంచి పోల్చారు. 2020లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, సిమ్యులేటర్‌లో నేర్చిన పద్ధతి బఫర్‌ను చూసి నడిచే మామూలు నియమాన్ని అంత స్పష్టంగా దాటలేకపోయింది. వాళ్ల సొంత పద్ధతి ఫూగూ కొంచెం తెలివిగా పని పంచుకుంది: ముక్క దిగడానికి ఎంత సమయం పడుతుందన్న అంచనా మాత్రం న్యూరల్ నెట్‌వర్క్‌ది, నిర్ణయం పాతకాలపు కంట్రోలర్‌ది. అంచనా కూడా ఒక్క అంకె కాదు, ఏ సమయానికి ఎంత అవకాశం అన్న పంపిణీ. నిజమైన ట్రాఫిక్‌తోనే దానికి మళ్లీ మళ్లీ శిక్షణ ఇచ్చారు.

ఆ పని నుంచి తీసుకోవాల్సినది ఇంకొకటుంది. సెషన్ల మధ్య తేడా ఎంత ఎక్కువంటే, రెండు పద్ధతుల్లో ఏది మేలో తేల్చడానికి ఒక్కోదానికి ఏళ్ల తరబడి చూసినంత వీడియో డేటా కావాల్సి వచ్చింది. రెండు రోజుల ఏ/బీ పరీక్షతో 5 శాతం మెరుగైందని ఎవరైనా చెబితే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (ఆ అంకె ఎంత అటూ ఇటూ ఉండవచ్చో) అడగండి.

వీడియో కాల్స్‌కు ఇదే మోడల్ పనిచేస్తుందా?

లేదు. కాల్‌లో ముక్కలూ, పెద్ద బఫరూ ఉండవు. సెకనుకు 30 ఫ్రేములైతే ప్రతి 33 మిల్లీసెకన్లకో ప్యాకెట్ల గుంపు వస్తుంది. 5జీలో కాల్ వీడియోకు ఉద్దేశించిన 5క్యూఐ (సర్వీసు నాణ్యత తరగతి) 2 ఆలస్యానికి 150 మిల్లీసెకన్ల హద్దు పెట్టింది, బఫర్ చేసే వీడియోకు ఉద్దేశించిన 5క్యూఐ 4కి 300. కాబట్టి విండో కూడా ఒక సెకనే ఉండాలి.

చాలా కాల్స్‌లో ఆర్‌టీపీ (కాల్ వీడియోను మోసే ప్రోటోకాల్) హెడర్ ఎన్‌క్రిప్ట్ కాదు, లోపలి చిత్రమే అవుతుంది. హెడర్‌లోని టైమ్‌స్టాంప్ వీడియోకు 90 కిలోహెర్ట్జ్ గడియారం మీద నడుస్తుంది, ఫ్రేముకు 3,000 పెరిగితే సెకనుకు 30 ఫ్రేములు. నేరుగా లెక్కపెట్టగలిగినదాన్ని మోడల్‌తో ఊహించడం ఎందుకు?

మొబైల్ నెట్‌వర్క్‌లో దీనికి సిద్ధంగా ఏదైనా భాగం ఉందా?

5జీ కోర్‌లో ఎన్‌డబ్ల్యూడీఏఎఫ్ అనే డేటా విశ్లేషణ భాగం ఉంది, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ పత్రం 23.288లో దాని వివరాలున్నాయి. ఇతర ఫంక్షన్ల నుంచి డేటా తీసుకుని సెల్ భారం, సర్వీసు అనుభవం వంటి అంచనాలు పాలసీ ఫంక్షన్‌కు అందిస్తుంది. ఇంటర్‌ఫేసులు ఎలా ఉండాలో ప్రమాణం చెబుతుంది, లోపల ఏ మోడల్ అన్నది చెప్పదు. లేబుల్స్ సమస్య అక్కడ కూడా అలాగే ఉంటుంది.

వీపీఎన్‌లో వెళ్లే వీడియో?

సొరంగంలో ఒక్కరి వీడియో మాత్రమే వెళ్తుంటే ఆన్-ఆఫ్ లయ పైకి కనబడుతుంది. నలుగురి ట్రాఫిక్ కలిస్తే వదిలేయండి.

మళ్లీ శిక్షణ ఎప్పుడు ఇవ్వాలి?

క్యాలెండర్ చూసి కాదు. ముక్క నిడివిని 4 నుంచి 6 సెకన్లకు మార్చినా, కొత్త కోడెక్ వచ్చి అదే నాణ్యతకు తక్కువ బైట్లు చాలినా, టీసీపీ నుంచి క్విక్‌కు మారినా మోడల్ రాత్రికి రాత్రే పాతబడుతుంది. ఎవరూ మీకు చెప్పి మార్చరు. ముక్కల సైజు, రిక్వెస్టుల వ్యవధి, ఈ రెండింటి పంపిణీని సర్వీసువారీగా రోజూ పాత దానితో పోల్చండి. పంపిణీ ఎంత మారిందో చెప్పే పీఎస్‌ఐ 0.2 దాటితే ఎవరైనా కూర్చుని చూడాలి. దీనికితోడు, లేబుల్ తీసే బ్రౌజర్ స్క్రిప్టులను రోజూ కొన్ని డజన్ల సెషన్లకు నడుపుతూనే ఉండండి. ఆపేస్తే మోడల్ తప్పుతున్న సంగతి ఫిర్యాదుల ద్వారానే తెలుస్తుంది.

ప్రైవసీ, నెట్ న్యూట్రాలిటీ ఇబ్బందులు రావా?

రావచ్చు. ట్రాఫిక్ లయ నుంచి ఎవరు ఏ వీడియో చూస్తున్నారో కూడా కొంతవరకు ఊహించవచ్చు, కాబట్టి ముక్కల సైజుల వరుసను వ్యక్తిగత డేటాగానే చూడండి. ఫీచర్లు తీశాక ముడి క్యాప్చర్‌ను చెరిపేయండి, వాడుకరి గుర్తింపును ఒక రహస్య కీతో హ్యాష్ చేసి (తిరిగి చదవలేని కోడ్‌గా మార్చి) ఆ కీని రోజూ మార్చండి.

వివక్ష విషయంలో ఐరోపా సమాఖ్య 2015/2120 నియంత్రణ మంచి కొలబద్ద: ట్రాఫిక్ నిర్వహణ పారదర్శకంగా, వివక్ష లేకుండా, అవసరానికి తగినంతే ఉండాలి, వ్యాపార ప్రయోజనాల మీద కాక సాంకేతిక అవసరాల మీద ఆధారపడాలి. ఆచరణలో దీనర్థం, మోడల్ నిర్ణయాల్లోకి సర్వీసు పేరు రాకూడదు. పేరును ఫీచర్ల నుంచి తీసేస్తేనే చాలదు, ముక్క నిడివి ఒక్కటే చాలాసార్లు సర్వీసును పట్టిస్తుంది. చర్యల లాగ్‌ను నెలకోసారి సర్వీసులవారీగా విడగొట్టి చూడండి. ఒకే రకం ఇబ్బందిలో ఉన్న రెండు సర్వీసుల్లో ఒకదానికే సాయం అందుతుంటే తప్పు ఫీచర్లలో ఉంది, వెతకండి.